రెండు పిన్నుల వైరు

"చేత్తో బరువు చూసి కొనేదానికి అదేమన్నా టమోటానా మామా?" అంది లత.

కంప్యూటర్ల అంగట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. కౌంటరు వెనక ఉన్నతను మాత్రం నవ్వు ఆపుకుని, నా చేతిలోని సీడీ డ్రైవ్‌ను మర్యాదగా వెనక్కి తీసుకున్నాడు. అతని పేరు ప్రవీణ్ అని చొక్కాకు తగిలించుకున్న కార్డు మీద రాసి ఉంది.

అది 2009. మదనపల్లెలో వానలు పడుతున్నాయి. లత మా అక్క నంజమ్మ కూతురు. కుప్పంలో ఎంసీఏ చదువుతూ, వారం వారం పుంగనూరులోని ఇంటికి వచ్చేది. అది పుట్టిన రోజే "ఇది మా గిరిబాబు పెళ్లాం" అని మా అమ్మ తేల్చేసింది. అప్పటికి నేను పలక పట్టుకుని బడికి పోతున్నాను. ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆ మాట మీదే బతికాను. చదువు అయిపోగానే పెళ్లి అనుకున్నారు. బైరెడ్డిపల్లె దగ్గర మా ఊళ్లో ఆవులు, టమోటా తోట, కొత్తగా వేయించిన బాత్‌రూమ్ టైల్స్ అన్నీ దానికోసమే కాచుకుని ఉన్నాయి.

లత దగ్గరున్న చిన్న లాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటు లేదు. "బయట తగిలించుకునే డ్రైవ్ కొనాల మామా" అనగానే బండి తీశాను. పెళ్లికి ముందు నేనిచ్చే మొదటి బహుమానం అది.

ప్రవీణ్ రెండు రకాలు పెట్టాడు. ఒకటి ఇటుకంత ఉంది. రెండోది పల్చగా, అప్పడాల కట్టలా ఉంది.

"పెద్దదే ఈయప్పా. గట్టిగా ఉండాది," అన్నాను.

"దానికి వేరే కరెంటు కావాలన్నా. హాస్టల్లో కరెంటు పోతే మూలన పెట్టుకోవాల్సిందే. ఈ పల్చటిది లాప్‌టాప్ నుంచే తీసుకుంటాది."

"పల్చటివి గీతలు పడిన సీడీలు చదవవంట. మా సీనియర్లు చెప్పినారు," అంది లత.

"మీ సీనియర్లు సీడీల మీద టీ గ్లాసులు పెట్టుకుంటారేమో మేడం."

"పెట్టుకుంటే మీరొచ్చి చూసినారా?"

"రావాల్సిన పనిలేదు. మీ చేతిలో ఉండేది చూస్తే చాలు."

లత చేతిలోని సీడీని చటుక్కున వెనక్కి దాచుకుంది. దాని మీద నిజంగానే గుండ్రటి టీ మరక ఉంది. బుగ్గలు ఎర్రబడ్డాయి.

నాతో అది ఎప్పుడూ అట్లా పోట్లాడలేదు. నేనేం చెప్పినా "సరే మామా" అనేది. దాన్ని నేను ప్రేమ అనుకున్నాను.

చివరికి పల్చటిదే తీసుకున్నాం. దాని వైరుకు ఒక కొసన రెండు పిన్నులు ఉన్నాయి. "రెండూ లాప్‌టాప్‌కు పెట్టాలన్నా. ఒకటే పెడితే కరెంటు చాలదు. తిరగబోయి ఆగిపోతాది," అని ప్రవీణ్ నాకు చేసి చూపించాడు. లత పక్కనే నిలబడి వింది.

వారం తిరిగేసరికి ఫోను.

"మామా, డ్రైవ్ పనిచేయలేదు. మదనపల్లెకు పోదామా?"

పోయాం. ప్రవీణ్ దాన్ని లోపలికి తీసుకుపోయి, తెచ్చి, తగిలించాడు. బ్రహ్మాండంగా తిరిగింది.

"ఏమైందంటారు?" అని అడిగింది లత.

"దుమ్ము."

"కుప్పంలో అంత దుమ్ము ఉండదే."

"అయితే పుంగనూరు దుమ్మేమో."

"మా ఊరినంటే బాగుండదు, చెప్తాండా!"

దుమ్ము మీద వాళ్లిద్దరూ, తెప్పించిన టీ చల్లారేదాకా పోట్లాడుకున్నారు. నేను బెంచీ మీద కూర్చుని, ఇంత పనికిమాలిన వస్తువు కొనిచ్చానే అని బాధపడ్డాను.

తర్వాతి వారం మా ఆవు ఈనింది. జున్నుపాలు తీసుకుని అక్క ఇంటికి పోయాను. లత తలస్నానం చేస్తోంది. టేబుల్ మీద ఆన్ చేసిన లాప్‌టాప్, డ్రైవ్ ఉన్నాయి. వైరు పిన్నుల్లో ఒక్కటే లాప్‌టాప్‌కు పెట్టి ఉంది, రెండోది కిందికి వేలాడుతోంది. దాన్ని కూడా తీసి పెట్టాను. లైటు వెలిగి, లోపల సీడీ గిర్రున తిరిగింది.

ఆవులు మేపుకునే నాకే గుర్తున్న సంగతి, ఎంసీఏ చదివే పిల్లకు గుర్తు లేదా?

ఆ చప్పుడు వింటూ కాసేపు నిలబడ్డాను. తర్వాత ఆ పిన్ను మెల్లగా లాగి, ముందు ఎట్లా వేలాడుతోందో అట్లాగే వదిలేశాను.

లత తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చింది. నన్ను చూసింది, లాప్‌టాప్ చూసింది. ఒక్క క్షణం ఆగింది.

"మామా... ఇది మళ్లా చెడిపోయిండాది."

"పోదాం పద. వానొచ్చేట్టుండాది, గొడుగు తీసుకో," అన్నాను.

దారిలో వాన పట్టుకుంది. వెనక కూర్చున్న లత గొడుగు నా తల మీద పట్టి, తాను తడుస్తూ వచ్చింది. దానికి నేనంటే ప్రేమ లేదని కాదు. నేను కోరుకున్న ప్రేమ లేదు, అంతే.

ప్రవీణ్ డ్రైవ్ చూశాడు, లత మొహం చూశాడు, నా వైపు మాత్రం చూడలేదు. "సాయంత్రం దాకా పడుతుందన్నా," అన్నాడు. టమోటా మార్కెట్లో పనుందని చెప్పి నేను వానలోకి వచ్చేశాను. మార్కెట్ దాకా పోలేదు. ఒక బడ్డీకొట్టు చూరు కింద నిలబడి ఏడ్చాను. ఒక్క పిన్నుతో డ్రైవ్ తిరగదు. ఇన్నేళ్లూ నాదీ ఒక్క పిన్నే.

పిల్ల వద్దంటోందని తెలిస్తే లత నాన్న, మా బావ అంజినప్ప, చదువు మానిపించి మరీ నాతో తాళి కట్టిస్తాడు. అందుకే ఆ వద్దు నేనే అన్నాను.

"సదువుకున్న పిల్ల నాకొద్దక్కా. పేడెత్తుతాదా, పాలు పిండుతాదా?"

అక్క చేతిలో చాట ఆగిపోయింది. "పుట్టినప్పట్నుంచీ నీకోసమనే సాకితే, ఇప్పుడు పేడ గుర్తొచ్చెనా నీకు?"

"వచ్చింది."

"నా గడప తొక్కొద్దు, పో!"

తొక్కలేదు. ఊరి పెద్ద మునెప్ప చేత మాత్రం ప్రవీణ్ సంబంధం గురించి బావకు చెప్పించాను. విచారిస్తే మనవాళ్లే అయ్యారు. లత చదువు పూర్తయ్యాక ముహూర్తం పెట్టుకున్నారు.

పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకుపోవాల్సింది మేనమామ. అక్కకు నేను తప్ప వేరే తమ్ముడు లేడు. అన్నాళ్ల తర్వాత అక్క నా మొహం చూడకుండా అన్న మొదటి మాట, "గంప ఎత్తు."

ఎత్తాను. మేళం గట్టిగా వాయిస్తున్నారు. లత నా చెవి దగ్గరికి వంగింది.

"ఆ రోజు నేనొచ్చేసరికి స్క్రీన్ మీద సీడీ తెరుచుకునుండింది మామా. నువ్వు పిన్ను పెట్టినావని అప్పుడే తెల్సు నాకు."

వానలో నా తల మీద గొడుగు పట్టిన ఆ చేయి గుర్తొచ్చింది.

"కంప్యూటర్ల సంగతి నాకేం తెల్సు? తల వంచుకో అమ్మా, తోరణం తగులుతాది," అన్నాను.

అంతకుముందు ఎప్పుడూ దాన్ని అమ్మా అని పిలవలేదు. లత నా భుజం మీద తల ఆనించి ఏడ్చింది. నేను అడుగులు జాగ్రత్తగా వేసుకుంటూ పోయి, గంపను ప్రవీణ్ ముందు మెల్లగా దించాను.