దప్పిక పూస

భిన్నాల పాఠం నడుస్తూండగా మూడో వరుసలో ఇందుజ చెయ్యెత్తింది. రెండో చెయ్యి గొంతు మీద ఉంది.

“టీచర్, నా కానుగకు దప్పికైతాంది. పోయొస్తా.”

“పో,” అంది గగన, బోర్డు మీదనుంచి చూపు తిప్పకుండానే.

నిజానికి ఆ పిల్ల అడగాల్సిన పని కూడా లేదు. చెట్టు పిలిస్తే పాఠమైనా పంచాయితీ అయినా ఆగాల్సిందేనన్నది తూముకొండలో గగన పుట్టకముందునుంచీ ఉన్న కట్టుబాటు. ఏడో ఏట ప్రతి బిడ్డకూ చెవి వెనక, చర్మం కింద, బియ్యపుగింజంత దప్పిక పూస పెడతారు. అదే రోజు ఆ బిడ్డ పేరు మీద ఒక మొక్క నాటి, దాని వేళ్లలోకి వేరుసూది దించుతారు. వేళ్ల దగ్గర తడి తగ్గితే సూది పూసకు చెబుతుంది, పూస గొంతుకు చెబుతుంది. మనిషి నాలుక పిడచగట్టుకుపోతుంది. తాను ఎన్ని నీళ్లు తాగినా అది తీరదు. చెట్టు మొదట్లో చెంబెడు నీళ్లు పోస్తే మాత్రం గొంతులోకి చల్లదనం దిగుతుంది.

పాతకాలం వాళ్లు మొక్కలు నాటలేదని కాదు. ఏటా నాటారు, పక్కన నిలబడి ఫొటోలు దిగారు, మరచిపోయారు. పూస వచ్చాక మరవడం ఎవరి చేతిలోనూ లేకుండా పోయింది. మనిషికొక చెట్టు, చెట్టుకొక చెంబు. ఒక్కొక్కరూ చేసింది అంతే. ఆ కాస్తతోనే రాళ్లగుట్టల నడుమ బోడిగా ఉండే ఊరు వీధి వీధినా నీడపట్టుగా మారింది. ఊళ్లో ఎవరిని కదిపినా ముందు తమ చెట్టు సంగతే చెప్పేవారు.

అయితే ఈమధ్య వరసగా వానలు మొహం చాటేశాయి. ట్యాంకరు తెచ్చే నీళ్లను ఇంటింటికీ కొలిచి పోస్తున్నారు. ఆ నీళ్లలో మొదటి వాటా చెట్టుదే.

పాఠం అయిపోయింది. ఇందుజ తిరిగి రాలేదు.

గగన బడి వెనక్కి వెళ్లి చూసింది. కానుగ మొదట్లో మన్ను తడిసి నల్లగా ఉంది. దాని పక్కనే, నీడ జరిగిపోయిన చోట, మిట్టమధ్యాహ్నపు ఎండలో పిల్ల వెల్లకిలా పడి ఉంది. పెదవులు పగిలి తెల్లబారాయి. ఒళ్లు పెనంలా కాలుతోంది, ఒక్క చెమట చుక్క లేదు.

“ఇందూ! ఏమైంది తల్లీ? నీళ్లు తాగినావా పొద్దున్నుంచి?”

పిల్ల కళ్లు సగం తెరిచింది. “దప్పిక తీరిపోయింది టీచర్. గొంతంతా సల్లగుండాది,” అంటూ నవ్వబోయింది.

ఆసుపత్రిలో మంచాలు ఖాళీ లేవు. వరండాలో చాప పరిచి ఇందుజకు సెలైను పెట్టారు. డాక్టర్ నస్రీన్ పిల్ల చేతి మీద చర్మాన్ని చిటికెతో పైకి లాగి వదిలింది. అది లాగినట్టే నిలిచిపోయింది.

“వీళ్లందరూ ఇట్లే వచ్చినారు గగనా,” అంది మంచాలవైపు చూపిస్తూ. “ఎవర్ని అడిగినా దప్పిక లేదంటారు. ఒళ్లు ఎండిపోయి ఉంటాది, గొంతు మాత్రం సల్లగుందంటారు.”

“అదెట్లా?”

“చెట్టు దప్పికా మన దప్పికా ఒకే దోవన మెదడుకు పోతాయి. చిన్నప్పటినుంచీ ఆ దోవను చెట్టుకే ఇచ్చేసినాం. తాగితే తీరని దప్పికను మన ఒళ్లు ఎన్నేండ్లని నమ్ముతాది? తన మాట చెప్పడం మానుకుంది. నీడ, నీళ్లు ఉన్నన్నాళ్లూ ఇది బయటపడలేదు.” నస్రీన్ గొంతు తగ్గించింది. “నువ్వే చెప్పు. నీకు నీ సొంత దప్పికేసి నీళ్లు తాగింది ఎప్పుడు?”

గగన జ్ఞాపకం చేసుకోబోయింది. అన్నం తిన్నాక అలవాటు కొద్దీ ఒక గ్లాసు. తన చింతచెట్టుకు పోసేటప్పుడు ఎలాగూ చెంబు చేతిలో ఉంటుంది కనుక రెండు గుక్కలు. అంతకుమించి ఏమీ గుర్తుకు రాలేదు.

ఇందుజ తండ్రి కంబగిరి పొలం నుంచి పరుగున వచ్చాడు. పిల్లకు పూస తీసేయాలని డాక్టరు చెప్పగానే అతని మొహం మాడిపోయింది.

“పూస లేని పిల్లంటే ఊర్లో తలెత్తుకోని తిరగ్గలదా డాక్టరమ్మా? దాని చెట్టు ఏం గావాల?”

“చెట్టు మాట తర్వాత. పిల్ల బతకాల గదా?”

అతడు కూతురి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. “సరే, తీసెయ్యండి. ఆ కానుగను నా పూసకు తగిలించండి. రెండింటికీ నేనే పోసుకుంటా,” అన్నాడు.

పూస తీశాక కూడా ఇందుజకు దప్పిక తిరిగి రాలేదు. వస్తుందో రాదో తనకు తెలియదంది నస్రీన్. అందుకని గగన పిల్లలకు ఒక నియమం పెట్టింది. గంట కొట్టగానే అందరూ గ్లాసెడు నీళ్లు తాగాలి. పిల్లలు చేదుమందు మింగినట్టు మొహాలు పెట్టి తాగేవారు. టీచరు అటు తిరగగానే సగం మంది ఆ నీళ్లు కిటికీలోంచి తమ చెట్లకు పారబోసేవారు. ఇందుజ ఒక్కతే అడుగుదాకా తాగేది. ఈ జబ్బు గురించి నస్రీన్ రాసిన ఉత్తరాలకు జవాబుగా, పూసలు తయారుచేసే సంస్థవాళ్లు జీపులో వచ్చారు. వీధులన్నీ తిరిగి, ఇంత కరువులోనూ ఒక్క చెట్టు ఎండలేదని ఊరిని మెచ్చుకుని వెళ్లిపోయారు.

బడికి వేసవి సెలవులిచ్చాక వాన కురిసింది.

అలాంటి వాన ఊళ్లో ఎవరూ ఎరగరు. వాగు పొంగింది, గుట్టల మీదనుంచి ఎర్రనీళ్లు జారాయి. జనం వీధుల్లోకొచ్చి తడుస్తూ కేకలు పెట్టారు. చెట్లన్నీ ఒక్కసారే తాగుతున్నాయి, గొంతులన్నీ ఒక్కసారే చల్లబడుతున్నాయి. కంబగిరి నడివీధిలో నిలబడి చేతులు చాచాడు.

“టీచరమ్మా! రెండు చెట్లూ తాగుతాండాయి! గొంతులో చలివేంద్రం పెట్టినట్టుండాది!”

గగన కూడా నవ్వింది. ఆ చల్లదనం ఆమె గొంతులోకీ దిగింది. అందులో పడి డాక్టరు మాటలు ఆమెకు గుర్తుకే రాలేదు.

వాన వెలిసింది. ఎండ మునుపటికంటే రెట్టింపుగా కాసింది. కానీ మట్టి లోతుల్లో తడి నిలిచే ఉంది కనుక ఏ చెట్టూ ఎవర్నీ పిలవలేదు. ఎవరూ చెంబు ముట్టలేదు, అన్నం తిన్నాక అలవాటుగా తాగే గ్లాసు కూడా మరచిపోయారు. ఊరంతా అరుగుల మీద తీరిగ్గా, మత్తుగా కూర్చుంది.

ఒక ఉదయం గగన లేవబోతే కళ్లు తిరిగాయి. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. ఎప్పుడో నింపిన బిందె అంచుదాకా నిండుగా అలాగే ఉంది. నీళ్ల మీద దుమ్ము పొరగా తేలుతోంది. బలవంతాన గ్లాసు తర్వాత గ్లాసు దింపుకుని, బిందె చంకనెత్తుకుని వీధిలో పడింది.

“నీళ్లు తాగండి! చెట్టు అడక్కపోయినా తాగండి!”

“మాకేం దప్పిక లేదు టీచరమ్మా,” అన్నాడు అరుగు మీది ముసలాయన, ఎండిన పెదవులతో నవ్వుతూ. “ఇంత సుఖంగా నా జన్మలో లేను.”

అతని నోటికి గ్లాసు అందించి, తాగేదాకా నిలబడి, పక్క ఇంటికి నడిచింది. కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. కొన్ని ఎంత కొట్టినా తెరుచుకోలేదు.

కంబగిరి ఇంటి తలుపు ఇందుజ తీసింది.

“అమ్మా నాయినా ఇంకా లేయలేదు టీచర్. నిన్న మధ్యాన్నం పండుకున్నారు. నేను మీరు చెప్పినట్టే తాగుతాండా. వాళ్లకిస్తే వద్దన్నారు.”

కంబగిరి చాప మీద పడుకుని ఉన్నాడు. కడుపారా భోంచేసి కునుకు తీస్తున్నవాడి మొహంలా ప్రశాంతంగా ఉంది. గగన అతని చెయ్యి పట్టుకుని, మెల్లగా వదిలేసింది.

“ఇందూ, పరిగెత్తి డాక్టరమ్మను పిల్చుకోని రా. ఇటు చూడొద్దు, పో.”

పిల్ల వెళ్లాక, పక్కన పడుకుని ఉన్న ఇందుజ తల్లి రేణుక ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. సన్నగా ఊపిరి ఆడుతోంది. తల ఒళ్లోకి తీసుకుని గ్లాసు పెదవులకు ఆనించింది. నీళ్లు నోట్లోకి పోకుండా మెడ మీదుగా కారిపోయాయి. రేణుక కళ్లు తెరిచింది.

“వద్దు టీచరమ్మా,” అంది, తృప్తిగా. “కడుపు నిండా తాగినట్టుండాది.”

గగన ఎడమచేత్తో ఆమె దవడలు అదిమి నోరు తెరిచి, మళ్లీ గ్లాసు వంచింది.