నవ్వొస్తే మంచినీళ్ళు

పిల్లల వీడియో గేములను ఏ వయసు నుంచి ఆడొచ్చో చూసి, వాటికి వయసు ముద్ర వేసే ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉంది. ఆట తెచ్చినవాళ్ళ ముందు, ఆట చూసేవాళ్ళు నవ్వకూడదు. నవ్వితే "మేడమ్‌కి నచ్చేసింది, ఇక మన పని అయిపోయినట్టే" అనుకుని వాళ్ళు సంబరాలు చేసుకుంటారు. తర్వాత ముద్ర ఇంకోలా పడితే వచ్చి గొడవకు దిగుతారు. అందుకని అక్కడ అందరూ మొహం గంటు పెట్టుకునే కూర్చుంటారు. అందరిలోకీ ఘనురాలు, అక్కడ ఆటలు చూసే ఒకామె. వచ్చేపోయేవాళ్ళు ఆమెకు రాతిబొమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడినప్పుడు ఆమె కోప్పడలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయింది కూడా.

ఒక వాన పొద్దున ఆమె గదిలోకి ఒకతను గొడుగుతో సహా వచ్చి, నేలంతా తడిపి నిలబడ్డాడు.

"గొడుగు బయట పెట్టాలండీ," అంది ఆమె తలెత్తకుండా.

"బయట పెడితే తడిసిపోతుందండీ."

ఆమె తలెత్తింది. అతని జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. మొహంలో మాత్రం తప్పు చేసినవాడి జాడ లేదు.

"ఇక్కడ జోకులు వేయడానికి వీల్లేదు."

"అయ్యో, నేను తెచ్చిందే జోకులండీ. మరి వాటినెక్కడ పెట్టమంటారు?"

మొదటి రోజే ఆమెకు అతనంటే ఒళ్ళు మండింది. ఆ మంట సాయంత్రానికి కూడా చల్లారకపోతే, అది కోపమో కాదో ఆమె అప్పుడే ఆలోచించుకోవలసింది.

ముగ్గురు స్నేహితులు కలిసి చేసిన రోల్ ప్లేయింగ్ గేమ్ అది. ఒకతను బొమ్మలు గీశాడు, ఇంకొకతను ప్రోగ్రాం రాశాడు, మాటలన్నీ ఈ జోకులబ్బాయివి. ఆడేవాళ్ళు ఒక పిరికి దర్జీ వేషం కట్టాలి. అతనికి తోడు కట్టుడుపళ్ళ బామ్మ, తూలుతూ నడిచే దెయ్యం. దారిలో ఎదురైన రాక్షసులు ఓడిపోతే చావరు, మూల కూర్చుని అలుగుతారు. బతిమాలితే చుట్టాలైపోతారు.

పద్ధతి ప్రకారం ఆమె ఆడుతుంటే అతను పక్కన కూర్చోవాలి. అడిగినదానికి జవాబు చెప్పాలి. అంతకు మించి నోరు మెదపకూడదు.

"ఈ దెయ్యం ఎందుకు తూలుతోంది? తాగిందా?"

"నిమ్మరసం తాగిందండీ. పాపం కాళ్ళు లేవు. కాళ్ళు లేనివాడు తూలక ఏం చేస్తాడు?"

"మరి చేతిలో సీసా ఎందుకు?"

"నిమ్మరసం జేబులో పోసుకోలేడు కదండీ."

ఆమె పెదవి బిగించింది. తెర మీద బామ్మ తన పళ్ళు తీసి రాక్షసుడి మీదికి విసిరింది. పళ్ళు వాడి మడమ కరిచి, తిరిగి పరిగెత్తుకొచ్చి, బామ్మ నోటి ముందు ఆగిపోయాయి. 'ముందు నోరు కడుక్కో, అప్పుడే లోపలికొస్తాం' అన్నాయి.

ఆమె చటుక్కున లేచింది. "మంచినీళ్ళు తాగి వస్తాను."

వరండా చివర నీళ్ళ ఫిల్టర్ ఉంది. దాని పక్కన గోడ వైపు తిరిగి, చున్నీ నోట్లో కుక్కుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. తర్వాత మొహం తుడుచుకుని, అర గ్లాసు నీళ్ళు తాగి, మళ్ళీ రాతిబొమ్మై వచ్చి కూర్చుంది.

ఆ వారమంతా ఇదే తంతు.

"ఒక మాట అడగొచ్చా?" అన్నాడతను ఒకనాడు. "మీకు షుగర్ ఉందా?"

"ఏం?"

"బామ్మ కనిపించినప్పుడల్లా మీకు దాహమేస్తోంది."

"మీ బామ్మ గొంతు ఎండబెట్టే మనిషి," అంది ఆమె. అని, మళ్ళీ నీళ్ళకే వెళ్ళవలసి వచ్చింది.

అప్పుడే అతను సీసా నింపుకోవడానికి వరండాలోకి వచ్చాడు. గోడ వైపు తిరిగి భుజాలు అదురుతున్న ఆమెను చూసి కంగారుగా పరిగెత్తాడు.

"ఏమైందండీ? ఎవరైనా ఏమైనా అన్నారా?"

ఆమె ఉలిక్కిపడి తిరిగింది. దాచుకోవడానికి వ్యవధి లేకపోయింది. మొహం నిండా నవ్వే.

అతను తడబడి సీసాను కుళాయి కింద పెట్టి, ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. సీసా నిండి, పొంగి, అతని చెప్పులు తడిశాయి.

"ఇది మీరు చూడలేదు," అంది ఆమె.

"చూడలేదండీ. రేపు కూడా ఇలాగే చూడకుండా ఉంటాను."

ఆ తర్వాత కింద టీ బడ్డీ దగ్గర ఒకే బల్ల మీద టీలు వచ్చాయి. ఆఫీసు నుంచి బస్టాపు దాకా ఒకే గొడుగు వచ్చింది. ఆ గొడుగు కింద ఒకసారి 'మీరు' జారిపోయి 'నువ్వు' వచ్చింది. చెప్పవలసిన పెద్ద మాట మాత్రం ఇద్దరూ చెప్పుకోలేదు. వాన ఎప్పుడూ బస్టాపు దగ్గరే తగ్గేది.

ఆఫీసులో ఇంకో నియమం కూడా ఉంది. ఆట తెచ్చినవాళ్ళతో పరిచయం పని దాటి ముందుకెళ్తే పెద్దసారుతో చెప్పాలి. ఆయన ఆ ఆటను మరొకరికి అప్పగిస్తాడు. ఒక్క మాట చాలు. ఆ మాట పట్టుకుని ఆమె రోజూ పెద్దసారు గది గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేది.

"గొంతు మారిందేమే నీకు? ఎవరతను?" అంది అక్క ఫోనులో.

"ఎవరూ కాదు. ఆట తెచ్చినవాడు."

"ఎవరూ కాకపోతే మీ సారుతో చెప్పడానికేం నొప్పి?"

"చెప్తే ఎవరో అయిపోతాడక్కా. అతనింకా నన్నేమీ అడగలేదు. అడక్కముందే నేను ఆఫీసులో చాటింపు వేసుకోనా?"

"అయితే అతన్నే అడుగు."

"నేనా!" అని ఫోను పెట్టేసింది. సిగ్గు మంచిదే. కానీ ఎదుటివాడి బతుకు తన చేతిలో ఉన్నప్పుడు కూడా సిగ్గుపడుతూ కూర్చుంటే దాన్ని సిగ్గు అనరు.

ముద్ర వేయవలసిన రోజు దగ్గరపడేకొద్దీ ఆమెకు తన నవ్వు మీదే అనుమానం మొదలైంది. ఇది నిజంగా నవ్వొచ్చే జోకేనా, అతను రాశాడని నవ్వొస్తోందా? దెయ్యం తూలుడు అమాయకంగా ఉందా, లేక తన కళ్ళకే అలా కనిపిస్తోందా? రేపు ఎవరైనా 'రాతిబొమ్మ కరిగింది, అందుకే మెత్తగా వేసింది' అంటే? ఆ మాట తలచుకుంటేనే ఆమెకు చెమట పట్టింది. దాంతో నవ్వొచ్చిన చోటల్లా ఒక తప్పు వెతికింది. వెతికితే దొరకనిదేముంది? దెయ్యం చేతి సీసా తాగుడికి ప్రోత్సాహమైంది. బామ్మ పళ్ళు పెద్దలను వెక్కిరించడమయ్యాయి. రాక్షసుల అలక పిల్లలకు మొండితనం నేర్పుతుందట.

పదహారేళ్ళ ముద్ర వేసింది.

"పదహారా?" అన్నాడు పెద్దసారు కళ్ళజోడు మీదుగా చూస్తూ. "ముసలావిడ పళ్ళకా?"

"నియమాల ప్రకారమేనండీ."

ఆమె మాట మీద ఆయనకు గురి. మారు మాట్లాడకుండా సంతకం చేశాడు.

మర్నాడు అతను గొడుగు లేకుండా వచ్చాడు.

"చిన్నపిల్లల కోసం రాశాం, వాళ్ళకి ఇవ్వకూడదన్నావు. పదహారేళ్ళవాళ్ళకి ఇవ్వొచ్చన్నావు, వాళ్ళకి మా దర్జీ ఎందుకు? తుపాకులు కావాలి. ఏడేళ్ళ ముద్ర పడితేనే తీసుకుంటామన్నారు అమ్మేవాళ్ళు. నీకు తెలుసు."

"తెలుసు."

"నువ్వు నవ్వావు. నేను చూశాను."

"నవ్వు చూసి ముద్ర వేయరు."

అతను ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. అక్కడ రాయి తప్ప ఏమీ కనబడలేదు. ఆమె తన మొహాన్ని అంత గట్టిగా బిగబట్టింది.

"సరే మేడమ్," అన్నాడు.

చెంపదెబ్బ కొట్టినా ఆమెకు అంత తగిలేది కాదు.

వానలు వెనకబట్టాయి. టీ బడ్డీ అతనే ఒకరోజు చెప్పాడు, ఆ ముగ్గురూ విడిపోయారని. బొమ్మలు గీసినవాడు ఏదో ప్రకటనల కంపెనీలో చేరాడట. ఆమె టీ అక్కడే వదిలేసి, మెట్లెక్కి, గుమ్మం దగ్గర ఆగకుండా నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

"ఆ ఆట తెచ్చినతను నాకిష్టమండీ. అందుకే తప్పు ముద్ర వేశాను."

పెద్దసారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇష్టమైతే తక్కువ వేస్తారుగానీ, ఎక్కువ వేయడమేంటమ్మా?"

ఆమె చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

"అప్పుడే ఈ మాట చెప్తే ఇంకొకరికి ఇచ్చేవాణ్ణి కదా. ఎంత పని!"

ఆటను మరొకరు చూశారు. ఏడేళ్ళ ముద్ర పడింది. ఆమెను ఆటల గది నుంచి తీసి, ముద్రపడిన ఆటలు తిరిగిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. అకాలపు వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ఆ కిటికీ ముందుకే అతను వచ్చాడు. గొడుగు గుమ్మం బయటే, వరండాలో పెట్టి వచ్చాడు.

"ఏడు," అన్నాడు ఆమె ఇచ్చిన ఆట డబ్బా తిప్పి చూస్తూ. "వేరే ఆయన వేశారట."

"నేనే మళ్ళీ చూడమన్నాను."

"ఎందుకండీ?"

ఎన్నో రకాలుగా అనుకుని పెట్టుకున్న మాట, తీరా నోటికొచ్చేసరికి మొరటుగా వచ్చింది. "ఇంకెవరు రాసినా నేను ఏడే వేసేదాన్ని. నువ్వు రాశావని పదహారు వేశాను. నువ్వంటే ఇష్టం. ఆ ఇష్టం నాచేత తప్పు చేయిస్తుందని భయపడి, ఇంకా పెద్ద తప్పు చేశాను."

అతను డబ్బా మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"ఇది గొడుగు కింద వినాలని ఎంత ఆశపడ్డానో మీకు తెలియదు."

"ఇప్పుడైనా ఏడు వచ్చిందిగా. మీవాళ్ళు..."

"అమ్మేవాళ్ళు ఎప్పుడో ఇంకో ఆట తీసుకున్నారు. మా బొమ్మలవాడు నాతో మాట్లాడటం లేదు. 'ఆ మేడమ్‌తో టీలు తాగావుగా, ఏం ఒరిగింది?' అన్నాడు. చేతులు కాలాక ఆకులిస్తున్నారు మీరు."

"నన్ను క్షమించు."

"పరాయివాణ్ణనుకుంటే నాకు న్యాయం జరిగేది. మీవాణ్ణనుకుంటే నాతో ఒక్క మాట చెప్పేవారు. మీరు రెండూ అనుకోలేదు." అతని గొంతులో కోపం కూడా లేదు. దానికే ఆమెకు భయమేసింది. "ఇప్పుడు నాకు జోకులు రావడం లేదండీ. నిజంగానే రావడం లేదు."

డబ్బా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమె కిటికీ తలుపు మూసి, వరండా చివరికి నడిచింది. అలవాటైన చోటే గోడ వైపు తిరిగి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు. భుజాలు అదిరిపోతున్నాయి.

వెనక అడుగుల చప్పుడైంది. గొడుగు మరిచిపోయి, దానికోసం అతనే తిరిగొచ్చినట్టున్నాడు. అడుగులు ఆగాయి. ఆమె ఊపిరి బిగబట్టింది. 'ఏమైందండీ? ఎవరైనా ఏమైనా అన్నారా?' అని ఒక్కసారి అడిగితే చాలు, వెనక్కి తిరిగి అన్నీ చెప్పేస్తుంది. తనంతట తాను తిరగడానికి మాత్రం ఆ క్షణాన కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

"మేడమ్‌ని ఇప్పుడు పిలవకండి," అని అతను గుమ్మం దగ్గర వాచ్‌మన్‌తో అనడం వినిపించింది. "అక్కడ నవ్వుకుంటున్నారు."

గొడుగు విప్పిన చప్పుడైంది. తర్వాత వాన చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.