నీళ్ళలో రేపటి రేటు

"వెయ్యి యూరోలకి మొత్తం ఎంత తీసుకుంటారో చెప్పండి," అన్నాను.

"బోర్డు మీద ఉందిగా. చదవడం రాదా?"

"బోర్డు సంగతి వద్దండి. కమీషన్ లేదని పెద్దక్షరాలతో రాసి, రేటులో గిల్లేసే కొట్లు చాలా చూశాను. నా జేబులోంచి ఎంత పోతుందో ఆ ఒక్క అంకె చెప్పండి చాలు."

డబ్బు మార్చే ఆ కొట్లో అద్దం వెనక అమ్మాయి పెన్ను కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "నాలుగు వేల రెండొందల ఎనభై జ్లోటీలు. వంతెన పక్క కొట్లో యూరోకి మూడు గ్రోషులు తక్కువ. అక్కడికే వెళ్ళండి, మీకు పుణ్యముంటుంది."

వెళ్ళలేదు. జ్లోటీకి వంద గ్రోషులు, అంటే వెయ్యి యూరోల మీద ముప్ఫై జ్లోటీలు నష్టమని తెలిసీ అడిగినంతా ఇచ్చి వచ్చేశాను.

నా పేరు వితెక్. పోలండ్ సరిహద్దులోని మా చెషిన్ ఊరి నుంచి వ్యాన్‌లో జనాన్ని స్లొవేకియా కొండలకీ, వేడినీటి బుగ్గలకీ తిప్పుతాను. వాళ్ళ ఖర్చులకి యూరోలు తెచ్చిపెట్టేదీ నేనే. స్టేషన్‌లో వాళ్ళు చెప్పిన రేటుకే డబ్బు మార్చుకునేవాణ్ణి చూస్తే నాకు జాలి. పరాయి దేశంలో కార్డు మిషన్ 'మీ జ్లోటీల్లోనే కడతారా' అని తియ్యగా అడిగితే సరేనని నష్టపోయేవాణ్ణి చూస్తే ఒళ్ళు మంట. అలాంటి నేను ఆరు వారాల్లో ఏడుసార్లు ఆ కొట్టుకే వెళ్ళాను. అమ్మాయి పేరు యాగోద. కొట్టు వాళ్ళ మేనత్తది.

మూడోసారి వెళ్ళినప్పుడు వాన. కొట్టు ముందు రాళ్ళ వీధిలో చిన్న పల్లం ఉంది, అక్కడ నీళ్ళు నిలుస్తాయి. గొడుగు మూస్తూ కిందికి చూశాను. కిటికీలోని ఎర్ర అంకెలు నీళ్ళలో తలకిందులుగా వెలుగుతున్నాయి. పైన బోర్డు మీద 4.28. నీళ్ళలో 4.35.

కళ్ళు నులుముకున్నాను. నీళ్ళు కదిలి, మళ్ళీ సర్దుకున్నాయి. 4.35.

మర్నాడు బోర్డు మీద 4.35 ఉంది.

ఆ తరవాత వాన పడిన ప్రతి సాయంత్రం చూశాను. ఒక్కసారి కూడా తప్పలేదు. పెరిగేముందు కొనేవాణ్ణి, తగ్గేదుంటే ఆగేవాణ్ణి. లాభమే. అయినా ఆ నీళ్ళ దగ్గర నిలబడితే పాదాల దగ్గర మొదలై వీపు దాకా చలి ఎక్కేది. ఒకసారి వీధికుక్క అక్కడ నీళ్ళు తాగబోయి, లోపలికి చూసి, కుయ్యిమంటూ వెనక్కి వెళ్ళిపోయింది.

"నీకు రేటు ఎవరు చెప్తున్నారు?" అని అడిగింది యాగోద. అప్పటికి మేం 'అండి' మానేశాం. "బ్యాంకులో చుట్టాలున్నారా?"

"మీ కొట్టు ముందు గుంట చెప్తోంది."

"మునిసిపాలిటీకి చెప్పకు, పూడ్చేస్తారు," అని నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో వెయ్యి యూరోలు మార్చుకోవచ్చనిపించింది నాకు.

ఆ బుధవారం సాయంత్రం అయిదింటికి మళ్ళీ వాన. మర్నాడు నాకు ట్రిప్పు ఉంది. రేటు చూద్దామని వంగాను.

నీళ్ళలో అంకెలు లేవు.

తలెత్తితే బోర్డు ఎర్రగా వెలుగుతోంది, దాని కింద యాగోద నోట్లు సర్దుతోంది. తలదించితే నీళ్ళలో షట్టర్ దించి ఉంది. దాని మీద నల్ల అంచు ఉన్న తెల్ల కాగితం.

మా ఊళ్ళో మనిషి పోతే నల్ల అంచు కాగితం మీద పేరు రాసి తలుపుకి అంటిస్తారు. చూసినవాళ్ళు టోపీ తీస్తారు. పేరు చదువుదామని మోకాళ్ళ మీద కూర్చున్నాను. వాన చినుకులు చదవనివ్వలేదు.

లోపలికి పరిగెత్తాను. "రేపు కొట్టు తెరవకు. నా వ్యాన్‌లో ముందు సీటు ఖాళీగా ఉంది, నాతో రా."

"పనిరోజు కొట్టు మూస్తే మా అత్త నా తోలు తీస్తుంది. అదేంటి, మొహం అలా పాలిపోయింది?"

అంతా చెప్పాను. ఆమె బయటికొచ్చి నీళ్ళలోకి తొంగి చూసింది. "నాకు నీళ్ళే కనిపిస్తున్నాయి వితెక్. అమ్మాయిని ఊరు దాటించడానికి భయపెడతారా ఎవరైనా? పూలు తెస్తారు."

"వంతెన పక్కన మూడు గ్రోషులు తక్కువని మొదటి రోజే చెప్పావు. రేపటి రేటు ఇక్కడ చూసుకుని అక్కడ కొనుక్కోవచ్చు. ఏడుసార్లూ నీ దగ్గరే కొన్నాను. ఆ తేడా నా జేబులోంచి వేసుకున్నాను. యాగోదా, నేను గ్రోషు వదిలే మనిషిని కాదు. నువ్వంటే ప్రేమ, అందుకే భయం."

గొడుగు అంచు నుంచి నీళ్ళు ఆమె చేతిమీద పడుతున్నాయి.

"మొత్తం ఎంత పోగొట్టుకున్నావు?"

"రెండొందల పది జ్లోటీలు."

"అయ్యో," అంది మెల్లగా. అంత ప్రేమగా ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు. "సరే. అత్తకి ఫోన్ చేస్తాను."

పొద్దున వాన వెలిసింది. వ్యాన్ తీసుకుని వెళ్ళేసరికి షట్టర్ దించి ఉంది. యాగోద దాని మీద కాగితం అంటిస్తోంది. చుట్టూ నల్ల మార్కర్‌తో దళసరిగా గీత గీసి ఉంది.

"ఆ గీత ఎందుకు?"

"దూరం నుంచి కనపడాలిగా. అత్త ఒప్పుకుందిలే. 'గ్రోషులు లెక్కపెట్టేవాడు నీకోసం పోగొట్టుకున్నాడంటే వాడు నిజంగా పిచ్చివాడు, వెళ్ళు' అంది."

కాగితం మీద 'ఇవాళ సెలవు, రేపు తొమ్మిదింటికి' అని ఉంది. దారినపోయే ముసలాయన టోపీ తీసి, "ఎవరు పోయారమ్మా?" అన్నాడు.

"నేనే తాతా, స్లొవేకియా దాకా."

ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నేను నవ్వలేకపోయాను. నీళ్ళలో చూసింది ఈ కాగితమే. కానీ రేపు తొమ్మిదింటికని రాసుకున్నవాళ్ళందరూ రేపు తొమ్మిదింటికి వస్తారా? దారంతా కొండ మలుపులు. నడిపేది నేను. ఆమెని తప్పిస్తున్నానా, నా చేతులతో నేనే తీసుకెళ్తున్నానా?

వద్దనుకుంటూనే గుంటలోకి చూశాను.

నీళ్ళలో రేపటి కొట్టు, షట్టర్ ఎత్తి ఉంది. కిటికీ వెనక యాగోద తలవంచుకుని నోట్లు లెక్కపెడుతోంది. చూస్తుండగానే లెక్క ఆపింది. మెల్లగా తలెత్తి, అక్కడి నుంచి సూటిగా నా కళ్ళలోకి చూసి నవ్వింది.

నా వెన్ను జల్లుమంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎవర్ని చూస్తున్నావ్ అలా?" నా పక్కనున్న యాగోద చెయ్యి పట్టుకుని లాగింది.

"నిన్నే," అన్నాను.

నీళ్ళలో ఆమె వెనక ఎర్ర అంకెలు వెలుగుతూనే ఉన్నాయి. రేటెంతో నేను చూడలేదు.