పేర్లు పోయిన డిజైన్లు

“ఎన్నిసార్లు రిపేర్ కొట్టిన్రు?” హార్డ్ డిస్క్‌ను చేతిలోకి తీసుకుంటూ అడిగింది స్వరూప.

“ఒక్కసారే మేడం,” అన్నాడు నరేశ్.

చౌటుప్పల్ హైవే పక్కన ఆమె కంప్యూటర్ షాపు పెట్టి మూడేళ్లయింది. వైరస్ కంటే అబద్ధాన్నే ముందు పట్టేస్తుంది. డిస్క్ తగిలించి చూస్తే ఏముంది, రిపేర్ బటన్ నొక్కిన ప్రతిసారీ ఒకటి చొప్పున మిగిలే ఫోల్డర్లు మూడున్నాయి.

“ఇంకోసారి కొట్టుంటే నేను గూడ చేతులెత్తేసేదాన్ని,” అంది.

వేరే ఎవరైనా అయితే ఇంకో నాలుగు మాటలు తగిలించేదే. కానీ అతను డిస్క్ మీంచి చూపు తిప్పడం లేదు. కుర్చీ చూపించి, చాయ్ తెప్పించింది. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

నరేశ్ వాళ్ల బాపు వెంకటయ్య నలభై ఏళ్లుగా ఇక్కత్ చీరలు నేస్తున్నాడు. గ్రాఫ్ కాగితాల మీద ఆయన చేత్తో గీసిన డిజైన్లు రెండు వందల పన్నెండు. కాగితాలన్నీ నిరుడు చెదలు తినేశాయి. అంతకుముందే నరేశ్ స్కాన్ చేసిపెట్టాడు కాబట్టి సరిపోయింది. నిన్న వాటిని కంప్యూటర్లోంచి తీసేసి ఈ డిస్క్‌లోకి మారుస్తుండగా కరెంటు పోయింది, ఇప్పుడు తెరిస్తే ఫార్మాట్ చేయమంటోంది. బాపుకు ఇంకా చెప్పలేదు.

స్వరూప ఆ డిస్క్‌లో నేరుగా ఏదీ కదపలేదు. ముందు దాన్ని ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్‌లోకి నకలు తీసి, ఏం చేసినా ఆ నకలు మీదే చేసింది. అది ఆమె నియమం. రెండు రోజులు పట్టింది. రెండు రోజులూ నరేశ్ ఏదో ఒక వంకతో వచ్చాడు. మొదటి రోజు గొడుగు మరిచిపోయి వెళ్లాడు, వాన పడుతుండగానే. రెండో రోజు దానికోసం వచ్చి హెల్మెట్ మరిచిపోయాడు. స్వరూప నవ్వు ఆపుకుంది. మూడో రోజు పొద్దున మాత్రం తలుపు వైపు తనే నాలుగుసార్లు చూసుకుంది.

డిజైన్లన్నీ దొరికాయి. కానీ పేర్లు పోయాయి, ఉత్త నంబర్లు మిగిలాయి.

“ఏది ఏందో మీ బాపుకే ఎరుక. తోల్కరాండ్రి,” అంది నరేశ్ రాగానే.

“ఆయనకు తెలువొద్దు మేడం. జర మీరే ఏదో ఒక పేరు పెట్టున్రి.”

స్వరూపకు ఒళ్లు మండింది. “నేను డిస్క్ బాగు చేస్త. అబద్ధాన్ని బాగు చెయ్య.”

ఆ రాత్రే నరేశ్ బాపుకు అంతా చెప్పేశాడు. మర్నాడు వెంకటయ్య అతనితో కలిసి వచ్చాడు. కళ్లద్దాలు తుడుచుకుని తెర ముందు కూర్చున్నాడు. వాళ్లింట్లో ఒక పద్ధతుంది. కొత్త డిజైన్‌తో నేసిన మొదటి చీర ఎవరు కడితే ఆ డిజైన్‌కు వాళ్ల పేరే.

బొమ్మ తెర మీద పడటమే ఆలస్యం, పేరు చెబుతున్నాడు. అమృతమ్మ. పుష్ప. కొత్తకోట పంతులమ్మ. చెబుతున్నకొద్దీ ఆయన వెన్ను నిటారవుతోంది. ఒక్కటీ తడుముకోలేదు. స్వరూప టైప్ చేస్తూపోయింది.

రెండు వందల పన్నెండూ అయ్యాక ఆయన ఆమె వైపు తిరిగాడు. “దారం తెగితె నేను అతుకుత. నువ్వు గిది అతికినవు బిడ్డా. మన ఇద్దరిది ఒకటే పని.”

మూడేళ్లలో ఎవరూ స్వరూప పనిని ఇంత పెద్ద పనిగా చూడలేదు. గర్వంగా అనిపించింది.

ఇంకొకటి మిగిలింది. వెంకటయ్య దగ్గరగా చూసి తల అడ్డంగా ఊపాడు. “గిది నాది గాదు. మంచిగుంది.”

“నాదే బాపూ,” అన్నాడు నరేశ్, రోడ్డు వైపు చూస్తూ. “పోయిన నెల గీసిన. ఇంకా నేయలే.”

“మొదటి చీర ఎవలు కడ్తరు మరి?”

“మేడం ఒప్పుకుంటే…”

“మేడం అంటే ఎట్ల ఒప్పుకుంటదిరా? పేరు పెట్టి పిలువు.”

నరేశ్ చెవులు ఎర్రబడ్డాయి. “స్వరూపా, నువ్వు కడుతవా?”

స్వరూప కీబోర్డు దగ్గరకు జరుపుకుని ఆ డిజైన్‌కు తన పేరు టైప్ చేసింది. ఆ ఫైలును ఇంకో డిస్క్‌లోకి కూడా ఎక్కించింది.

“రెండు జాగలల్ల దాచిన,” అంది, ఈసారి నవ్వు ఆపుకోకుండా. “ఇగ పోదు.”