కవరు మీద లోగో

నేను ఒక చమురు కంపెనీలో కంపెనీకి మంచిపేరు తెచ్చే ఉద్యోగం చేసేవాణ్ని. నా పేరు వీరన్న అయినా, కార్డు మీద పేరుకన్నా పెద్దగా ఇంగ్లీషులో హోదా ఉండేది. 2006 వేసవిలో మా ట్యాంకరొకటి పాల్వంచ దాటాక వాగులో బోల్తా పడింది. చేపలు తేలాయి, మా పరువు మునిగింది. దాన్ని పైకి తెమ్మని ప్రొబేషన్‌లో ఉన్న నన్ను పంపారు.

"వాగు పక్క అడవిలో వెయ్యి మొక్కలు నాటిస్తాను సార్" అని జనరల్ మేనేజరుతో అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. మొక్కల కవర్ల మీద మా లోగో అచ్చు వేయించాను. ఫొటోలో కనబడాలని, కవరు చింపకుండా రెండంగుళాలు పైకి ఉంచి మరీ నాటించాను.

నాటడం మొదలెట్టిన మూడో రోజు, తొలకరి వానలో గొడుగు పట్టుకుని ఒకమ్మాయి వచ్చింది. మాకు మొక్కలిచ్చిన నర్సరీని చూసుకునే చాంది. నేను జుట్టు సర్దుకున్నాను. ఆమె మొక్కను చూసింది.

"కవర్ తియ్యకుండ నాటిన్రేంది సార్?"

"లోగో కనబడాలి కదండీ."

"వేర్లకు కండ్లున్నయా, లోగో చూసి మురవనీకి? మీదే ఊరు?"

"తల్లాడ దగ్గర తండా."

"మీ దిక్కు వ్యవసాయం చెయ్యరా?"

మా నాయన ముప్పై ఏళ్లుగా మిరప వేస్తున్నాడు. ఆ మాట చెప్పే ముఖం లేక "కంపెనీ పాలసీ అండీ" అన్నాను.

ఆ తర్వాత రోజూ నర్సరీలో నాకేదో పని పడేది. ఒకరోజు మొక్కల పేర్లు రాసుకోవడానికి, మర్నాడు ఆ కాగితం పోయిందని. ఆమె టీ ఇచ్చేది, నన్ను చూసి నవ్వేది. అది ప్రేమే అనుకున్నాను.

"మీ మొక్కలు పచ్చగున్నయా సార్?"

"పచ్చగానే ఉన్నాయి."

"అవ్, పచ్చి అబద్ధం లెక్క."

నెల తిరిగేసరికి ఆకులు పాలిపోయాయి. నేనేమో అప్పటికే 'నూటికి నూరూ బతికాయి' అని రిపోర్టు పంపేశాను. అది చదివి మురిసిపోయిన జనరల్ మేనేజరు ఫొటోగ్రాఫరుతో సహా వస్తున్నానని కబురు పెట్టాడు.

"రేపు మీరేమీ అనకపోతే నా ఉద్యోగం పర్మనెంటు" అని చాందిని బతిమాలాను.

ఈసారి ఆమె నవ్వలేదు. "నేనేమన సార్. గని మళ్ల ఇటు రాకుండ్రి. ఆ వాగు నీళ్లే మా తండోళ్లు తాగేది. మీకు అది ఫొటో."

ఉద్యోగం పోతుందన్న భయం కన్నా 'మళ్ల ఇటు రాకుండ్రి' అన్న మాటే ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు జనరల్ మేనేజరు ఒక ఆకు పట్టుకుని, "ఇలా పాలిపోయాయేమిటి వీరన్నా?" అన్నాడు. వాతావరణం మీదకు నెట్టే జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది. చాంది దూరంగా నిలబడి వాగు వైపు చూస్తోంది.

నేను వంగి మొక్కను పీకాను. కవరు లోపల వేళ్లు సుడి తిరిగిపోయాయి. లోగో మాత్రం చెక్కుచెదరలేదు.

"అడవిలో వెయ్యి ప్లాస్టిక్ కవర్లు పాతాం సార్. పాతించింది నేనే. రిపోర్టు కూడా అబద్ధమే."

ఫొటోగ్రాఫరు ఆ ఒక్క ఫొటో చాలా శ్రద్ధగా తీశాడు.

ఉద్యోగం పర్మనెంటు కాలేదు. ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించి, కవర్లు తీసి మళ్లీ నాటించే పనీ, వాగు బాగు చేయించే పనీ నాకే అంటగట్టారు. పాపం, అది శిక్ష అనుకున్నారు.

చాంది రెండు బ్లేడ్లు తెచ్చింది. పక్కపక్కనే కూర్చుని కవర్లు కోశాం. మూడు వందలవ మొక్క దగ్గర నాకు ధైర్యం వచ్చింది.

"నువ్వంటే నాకిష్టం చాందీ. ఇది రిపోర్టు కాదు."

ఆమె చేతిలోని మొక్కను గుంతలో పెట్టి, మట్టి కప్పి, నీళ్లు పోసింది.

"ఆదివారం మా తండకు రా. మా నాయినను అడుగు."

'సార్' పోయి 'రా' వచ్చినందుకు పొంగిపోయాను. "ఏమంటాడు?"

"ఏమనడు. ముందుగాల కవర్ తీసి చూస్తడు."