ప్రమాదం అన్న మాట

పొద్దున్నే ఇంద్రాణి వాకిట్లో ముగ్గు వేస్తూ ఉంటే, పాలు పోసే గోవిందసామి సైకిల్ ఆపి మరీ అడిగాడు.

"ఏమ్మా, అమెరికా పిల్ల లేసిందా?"

ఇంద్రాణి వేళ్ళ సందునుంచి జారుతున్న పిండి గీత వంకర పోయింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు ప్లస్ టూ చదువుతున్నారు. అమెరికా కాలేజీలకు అర్జీ పెట్టాలని ఇద్దరూ అనుకున్నారు. ఊరి కంటికి మాత్రం మరిది కూతురు కీర్తిక ఒక్కతే ఆనుతోంది.

"అమెరికాకు ఇంకా పోలేదు. లోపల పండుకొని ఉండాది," అంది. ఆపైన పాలలో నీళ్ళు ఎక్కువయ్యాయని అతని మీద విసుక్కుంది. పాపం, పాలు ఎప్పటిలాగే ఉన్నాయి.

పెరియంపట్టిలో ఆ ఇల్లు అన్నదమ్ములిద్దరిదీ. ఒకటే వంటిల్లు. అన్న సుబ్బరాయన్ భార్య ఇంద్రాణి, తమ్ముడు శరవణన్ భార్య వేదవల్లి. ఇంద్రాణి కొడుకు ముఖేశ్, వేదవల్లి కూతురు కీర్తిక కొద్ది నెలల తేడాతో పుట్టి, ఒకే బస్సులో ఒకే బడికి పోతూ పెరిగారు. పల్లె పిల్లలకు విదేశీ కాలేజీల దారి చూపించే సంస్థ ఒకటి ఆ బడికి వచ్చినప్పుడు ఇద్దరూ కలిసే పేర్లిచ్చారు. వాళ్ళకు సలహాలు చెప్పే మేడం గుంటూరు మనిషి. తమిళనాట తెలుగు పిల్లలు దొరికారని ఆవిడ మురిసిపోయి, వాళ్ళతో పట్టుబట్టి తెలుగులోనే మాట్లాడేది.

ఆ కాలేజీల్లో ఒక పద్ధతి ఉంది. ఒక్క కాలేజీకి మాత్రం "మీరు సీటిస్తే మీ దగ్గరికే వస్తాను" అని మాట ఇచ్చి ముందుగా అర్జీ పెట్టుకోవచ్చు. అలా పెట్టినవాళ్ళకు అవకాశం కాస్త ఎక్కువ. ముఖేశ్ మొదటి విడతలోనే ఒక పేరున్న కాలేజీకి పెట్టాడు. డిసెంబరు నడుమ వాళ్ళు కాదు పొమ్మన్నారు. ఆనాటి నుంచి వాడు మేడంతో మాట్లాడటమే మానేశాడు. కీర్తికది రెండో విడత. ఆ సాయంత్రమే గడువు.

కొడుక్కి రాలేదన్న దిగులు ఇంద్రాణికి ఉంది. దానికంటే, ఆ పిల్లకు వస్తుందేమోనన్న భయం ఆమెను ఎక్కువ తినేస్తోంది. ఆ సంగతి ఆమెకు తెలియకపోలేదు. ఛీ, నేనెత్తి పెంచిన బిడ్డ కదా అని సిగ్గుపడేది కూడా. వంటింట్లో వేదవల్లి గాజుల చప్పుడు వినబడగానే ఆ సిగ్గు కాస్తా ఎగిరిపోయేది. ఈ మధ్య ఆ గాజులు మరీ గట్టిగా మోగుతున్నట్టు ఆమెకు తోచింది.

"అక్కా, కీర్తికి నిద్దరే లేదు," అంది వేదవల్లి, సంగటి కెలుకుతూ. "ఆ కాలేజీనా, ఇంకోటా అని ఒకటే కొట్టుకుంటా ఉండాది. మేడం ఒక మాట చెప్తే ధైర్యంగా నొక్కేస్తాదంట. దాని ఫోను రిపేరుకు ఇచ్చినాము కదా. నీ ఫోనుకు వస్తే రవ్వంత చెప్పక్కా."

మీకు నేనేమైనా టెలిఫోను ఆఫీసా అని నోటిదాకా వచ్చింది. "సరి," అని ఊరుకుంది ఇంద్రాణి.

పిల్లలు స్పెషల్ క్లాసుకు పోయాక, మిద్దె మీద వేరుశనక్కాయలు ఆరబోస్తుంటే ఫోన్ రానే వచ్చింది.

"ఇంద్రాణిగారా? కీర్తిక ఉందాండీ?"

"బడికి పోయింది మేడం. ఏమి సంగతి?"

"తను ఎంచుకున్న కాలేజీ గురించి ఇప్పుడే కనుక్కున్నానండీ. ప్రమాదం. చాలా ప్రమాదం! నేనన్నానని చెప్పండి. రాగానే ఫోన్ చెయ్యమనండి. మరిచిపోరు కదా?"

"సరి మేడం."

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ధర్మపురి వైపు తెలుగువాళ్ళకు ఇంటి భాష తెలుగే గానీ, బడి, బజారు, సినిమా అంతా తమిళం. తమిళంలో ప్రమాదం అంటే బ్రహ్మాండం, భేష్ అని. పెళ్ళి భోజనం తిని "ప్రమాదం!" అని మెచ్చుకుంటారు. కీడును ఆపత్తు అంటారు. కాబట్టి గుంటూరు మేడం చేసిన హెచ్చరిక ఇంద్రాణి చెవిలో అచ్చమైన మెచ్చుకోలుగా పడింది.

నా కొడుక్కి ఏనాడైనా ఇలా ఫోన్ చేసి చెప్పిందా? వాడి కాలేజీని ఒక్కసారైనా బాగుందందా? దీనికి మాత్రం ఒకటి కాదు, రెండు ప్రమాదాలు! శనక్కాయలను కాలితో కసిగా కెలికింది. చెప్పను. ఆ ఒక్క మాట నా దగ్గరే పడి ఉండనీ. నేను చెప్పకపోతే వాళ్ళ ముల్లె ఏం పోతుంది?

సాయంత్రం కీర్తిక సంచీ కూడా దించకుండా అడిగింది.

"పెద్దమ్మా, మేడం ఫోన్ చేసినారా?"

"లేదే."

మాట ఇంత సులువుగా వచ్చేసినందుకు ఇంద్రాణికే ఆశ్చర్యం వేసింది. కీర్తిక పెద్దమ్మ ఫోనులోనే కంఠతా వచ్చిన నంబరు కొట్టి మేడంకు రెండు మూడుసార్లు చేసి చూసింది. ఆవిడ వేరే ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంది, కలవలేదు. పిల్ల ముందుగదిలో లాప్‌టాప్ ముందు కూర్చుంది. అంతా నింపేసింది, చివరి బటన్ ఒక్కటే మిగిలింది. వేలు పెడుతుంది, తీసేస్తుంది. ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"బాగలేదనే మేడం ఫోన్ చేయలేదేమో అమ్మా. నాకు భయంగా ఉండాది."

వేదవల్లి కూతురి తల నిమిరింది. "ఏడవద్దు కన్నూ. నిదానంగా చూసుకో. ముఖేశ్ మాదిరి తొందరపడి పెట్టద్దు, అంతే."

గుమ్మంలో పూలు కడుతున్న ఇంద్రాణి దారం తెంపి లేచింది.

"ఏమంటివి? నా కొడుకు తొందరపడినాడా?"

"అట్లా కాదక్కా, నేను..."

"ఎట్లా కాదు? మీ మేడం వాడికి ఒక్క మాట సరిగ్గా చెప్పింటే వాడెందుకు పోగొట్టుకుంటాడు? నీ కూతురికైతే వెతుక్కొని ఫోన్ చేస్తాది! పొద్దున్నే చేసింది. దీని కాలేజీ ప్రమాదమంట! చాలా ప్రమాదమంట! చాలునా? నొక్కుకొని పోండి అమెరికాకు!"

వేదవల్లికి కోపం, సంతోషం ఒక్కసారే వచ్చాయి. సంతోషమే గెలిచింది.

"ప్రమాదమనిందా? సరి పోనీ, ఇప్పుడైనా చెప్తివి. కన్నూ, నొక్కు!"

కీర్తిక కళ్ళు తుడుచుకుని చెయ్యి చాచింది.

"కీర్తీ, నొక్కద్దు!"

అరుగు మీదినుంచి ముఖేశ్ పరుగున వచ్చి లాప్‌టాప్ మూత మూసేశాడు. ఇంద్రాణి చేతిలోని పూలు వదిలేసి ముందుకు వచ్చింది. నా కుళ్ళు వీడికీ అంటుకుందా? బంగారంలాంటి పిల్లవాణ్ణి నేనే ఇలా చేశానా? సిగ్గుతో ఆమె గొంతు లేచింది.

"ఏమిరా, అంత ఓర్వలేకుండావా? దాన్ని పెట్టుకోనీరా!"

"అమ్మా, నీకు తెలీదు. మేడం తెలుగులో ప్రమాదమంటే సూపర్ కాదు. ఆపత్తు."

"ఏమిరా నువ్వు చెప్పేది?"

వాడు తల దించుకున్నాడు. "నా కాలేజీని కూడా అట్లే అనింది, ప్రమాదమని. నేను థాంక్స్ మేడం అని నవ్వినాను. తెలిసే పెడుతున్నావా అని అడిగింది. అవునంటిని. ధైర్యం గల పిల్లోడని ఊరుకునింది. రాలేదన్నాక, ప్రమాదమని ముందే చెప్పాను కదయ్యా అనింది. అప్పుడు తెలిసింది నాకు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాడికి తెలుగు మాట తెలీలేదని ఎట్లా చెప్పుకునేది? ఎవరితోనూ చెప్పలేదు."

నెల రోజులుగా కడుపులో దాచుకున్నది చెప్పేసి, వాడు తల్లి ఫోన్ తీసుకుని తానే మేడంకు కలిపాడు. ఈసారి ఆవిడ దొరికింది. సంగతి ఒకటే. ఫీజుకు పూర్తి సాయం అడిగే విదేశీ పిల్లలను ఆ కాలేజీ ముందే పక్కకు పెట్టేస్తుంది. అలాంటి చోటికి మాట ఇస్తే ఉన్న ఒక్క అవకాశమూ వృథా. సాయం అడిగినా పక్కకు పెట్టని కాలేజీ ఇంకొకటి ఆవిడ చెప్పింది. ముఖేశ్ పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదివి చూస్తుంటే కీర్తిక మార్చింది. చీకటి పడే వేళకు బటన్ నొక్కింది.

"పెద్దమ్మ మరిచిపోయింటాది, అంతే కదా పెద్దమ్మా?" అంది ఆ పిల్ల, ముఖం తేటపడి.

అవునంటే అయిపోయేది. అందరూ ఆ మాట కోసమే చూస్తున్నారు. ఇంద్రాణి కొడుకు ముఖం చూసింది. అసూయ పడటానికి ఇంట్లో అందరికంటే ఎక్కువ హక్కున్నవాడు వాడే. వాడే పరుగెత్తి వచ్చాడు.

"మరిచిపోలేదు కన్నూ. అది మంచి మాట అనుకొనే దాచినాను."

కీర్తిక ముఖం వాడిపోయింది. లేచి లోపలికి పోయింది. ముఖేశ్ దాని వెనకే పోయాడు. ఇంద్రాణి వంటింట్లోకి పోయి గోడకు ఆనుకుని, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తన్నుకు తన్నుకు వచ్చింది ఏడుపు.

వేదవల్లి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. తిట్టడానికే వచ్చిందనుకుంది ఇంద్రాణి. తిట్టాలనే కోరుకుంది.

"అక్కా," అంది వేదవల్లి, పొయ్యి వైపు చూస్తూ. "ముఖేశ్‌కు రాలేదన్న దినం నేను గుడికి పోయినాను కదా. వాడి కోసమని నువ్వు అనుకొంటివి."

"అవును. నా బిడ్డ కోసం పోయినావని..."

"దండం పెట్టుకునింది నా కూతురి కోసం. పోటీలో ఒకరు తగ్గినారని." వేదవల్లి గాజులు పైకి తోసుకుంది. "నేనెత్తుకొని పెంచిన బిడ్డక్కా వాడు. వాడే ఈ పొద్దు వచ్చి..."

గోడ పక్కనే కూలబడింది. లోపలి గదిలోంచి ముఖేశ్ గొంతు వినబడింది. ఏదో చెప్పి కీర్తికను నవ్వించడానికి చూస్తున్నాడు. అది ఇంకా నవ్వలేదు.

"పోయి పిల్లలతో చెప్పేస్తానక్కా," అంటూ వేదవల్లి లేవబోయింది. "నువ్వు చెప్పినావు, నేను మాత్రం దాచేదా?"

ఇంద్రాణి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తన కొంగుతోనే తోటికోడలి కళ్ళు తుడిచింది.

"ముఖేశ్‌కు నువ్వంటే ప్రాణం. నాది తెలిసిపోయింది, చాలు. నీది నా దగ్గరే ఉండనీ."