ఒరిగిన నీళ్లు

నాకు తల తిరిగే జబ్బు ఉంది. కుర్చీలో కదలకుండా కూర్చున్నా సరే, ఉన్నట్టుండి నేల పక్కకు ఒరిగిపోతుంది. డాక్టరు ఒక చిట్కా చెప్పాడు. ఎదురుగా గ్లాసుతో నీళ్లు పెట్టుకోవాలి. నీళ్లు సమంగా ఉంటే తప్పు నేలది కాదు, నా తలది.

అలాంటి నన్ను ఓడ ఎక్కించింది మా అక్క. "ఇంట్లో ఉన్నా తిరిగే తలేగా, సముద్రం మీద తిరిగితే గాలైనా తగులుతుంది," అంది. మాటల్లో అక్కని గెలిచినవాళ్లు ఇంతవరకు పుట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఓడని రేవులో కట్టేశారు. అందరూ ఊరు చూడటానికి దిగారు. నా మూలంగా మేమిద్దరం గదిలోనే ఉండిపోయాం. బయట పొగమంచు. ఇంజను ఆగిపోయి ఎక్కడా చప్పుడు లేదు. తడిసిన తాళ్ల వాసన వస్తోంది. నేను మంచం మీద పడుకున్నాను. అక్క బాల్కనీలో కమ్మీ పట్టుకుని, అటు తిరిగి నిలబడింది.

నేల బాల్కనీ వైపు ఒరిగింది. అలవాటుగా గ్లాసు చూశాను. నీళ్లు కూడా అటే ఒరిగాయి... ఒక పక్క అంచు దాకా లేచి, అలాగే ఆగిపోయాయి. కర్టెన్ మాత్రం నిటారుగా వేలాడుతోంది.

"కాస్త జరగవే," అంది అక్క గుసగుసగా, వెనక్కి తిరగకుండా. "మీద పడుతున్నావు."

నేను మంచం మీదే ఉన్నాను. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. కానీ ఇన్నేళ్లుగా నేర్చుకున్నది ఒకటే... ఏం కనిపించినా, ఏం వినిపించినా, తప్పు నా తలదే. కళ్లు మూసుకున్నాను.

"జరగవే..."

కళ్లు తెరిచేసరికి బాల్కనీలో ఎవరూ లేరు. గ్లాసులో నీళ్లు సమంగా ఉన్నాయి.

చాలా వెతికారు. అక్క దొరకలేదు. "తాళ్లు బిగించే ఉన్నాయమ్మా, ఓడ వెంట్రుకవాసి కూడా ఒరగలేదు," అన్నాడు ఓడ మనిషి. తలూపాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు. గుండె రాయి చేసుకుందని అంటారు అందరూ. నేను చేసుకోలేదు, అదే అయింది.

అక్క కూతురు ఇప్పుడు నా దగ్గరే, ఈ మేడ మీద గదుల్లోనే ఉంటోంది. నాకు మిగిలింది అదొక్కతే. ఇవాళ సాయంత్రం తెరిచిన కిటికీ గట్టు మీద కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. నేను ఇవతల బల్ల దగ్గర ఉన్నాను. నా ముందు గ్లాసులో నీళ్లు మెల్లగా కిటికీ వైపు ఒరిగాయి.

నా తలే, అనుకున్నాను. నా తలే...

"పిన్నీ, కాస్త జరుగు," అంది అది తల ఎత్తకుండా. "మీద పడుతున్నావు."

ఈసారి కళ్లు మూసుకోలేదు. నేల ఎటు పోతోందో తెలియక పాక్కుంటూ వెళ్లి, దాన్ని లోపలికి లాగేశాను.

దాని చొక్కా వీపు మీద తడిగా ఉంది. రెండు అరచేతుల అచ్చుల్లా. తడిసిన తాళ్ల వాసన...

దాన్ని పట్టుకునే కూర్చున్నాను. గ్లాసులో నీళ్లు ఇంకా సమం కాలేదు.